పులి బలం, మేకల ఓర్పు – ఆటలో తూకం



హాస్టల్ వరండాలో బొగ్గుతో గీసుకున్న పులి–మేక గడి మనలో ఎవరికి తెలియదు? 23 చోట్లు, 3 పులులు, 15 మేకలు. పులులకు గులకరాళ్ళు, మేకలకు సుమ్మాదేవి తోటల్లో ఏరుకొచ్చిన జీడిపిక్కలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేక దేన్నీ చంపలేదు, దారి మాత్రం మూయగలదు. పైగా మేకలన్నీ గడిలోకి వచ్చేదాకా ఏ మేకా కదలకూడదు. అయినా పోటీ గట్టిగానే ఉంటుంది. ఎందుకు?

బలం సమానంగా ఉండడం వేరు, గెలిచే వీలు సమానంగా ఉండడం వేరు. తూకం అంటే ఆ రెండోది. ఒకసారి మేము 4 పులులతో ఆడి చూశాం. మేకలు ఒక్క ఆటా గెలవలేదు. రెండు రోజుల్లో ఆడేవాళ్ళే కరువయ్యారు. నేపాల్‌లో ఇలాంటి ఆటే బాఘ్‌చాల్. అందులో 4 పులులకు 20 మేకలు. ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే గెలుపు ఎవరికీ దక్కదని కంప్యూటర్ లెక్కలతో తేల్చారు.

రెండో పాఠం ఎంపిక. గీతలు ముగిసే మూలలో పెట్టిన మేకకు ప్రాణభయం లేదు. కానీ అన్నీ మూలల్లోనే పెడితే నడిమి దారులు పులులవే. ఒక్కోసారి ఒక మేకను ఎరగా వదిలితే, పులి దూకి ఖాళీ చేసిన చోటును ఇంకో మేకతో మూయవచ్చు. ఏ ఎత్తుకైనా ఒక ధర ఉంది. ధర లేని ఎంపికకు ఆలోచన అక్కర్లేదు.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పాత్రధారణ ఆటలోనూ ఇదే సూత్రం. అప్పట్లో యోధుడు ఏ కవచమైనా తొడిగేవాడు, మంత్రం వచ్చేది కాదు. మాంత్రికుడికి మంత్రాలుండేవి, కవచం ఉండేది కాదు, ఆయుధం చురకత్తి ఒక్కటే. అన్నీ ఒకరికే ఇచ్చేస్తే మిగతా పాత్రలను ఎవరు తీసుకుంటారు?

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మన ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు కూలిపోయాయి. అప్పుడు మేమూ చదువు మానేద్దామని పెట్టె సర్దుకున్నాం. పనికి పోతే ఇంటికి నాలుగు రూపాయలు, చదివితే అప్పు. ఇంట్లో వద్దన్నారు. చదువు సాగింది. బదులుగా అక్క జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. ఎంపిక మాది, ధర కట్టింది ఆమె.

తమ్ముళ్ళూ, ఆట తయారుచేసేవారు ప్రతి ఎత్తుకూ రెండు ప్రశ్నలు వేసుకుంటారు: ఏం వస్తుంది? ఏం పోతుంది? మూడోది మేము కలుపుతున్నాం: ఆ పోయేది ఎవరిది? ఈసారి పిక్కను ఎరగా వదిలేటప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి.