పెరటి చెట్టు మందుకు పనికిరాదా?



"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని సామెత. చేతికి అందేదాని విలువ మనకు తెలియదని దాని భావం. మన గోరంట్ల చుట్టూ పొలం గట్ల మీద, చిత్రావతి వైపు బీళ్లలో తంగేడు, ఉత్తరేణి వంటి మందుమొక్కలను రోజూ చూస్తూనే ఉంటాం. హాస్టల్ ఆవరణలో అలాంటివి పెంచుకోవడం మంచిదే. అయితే రెండు సంగతులు మరువరాదు. మొక్క ఏదో ఖచ్చితంగా తెలియాలి. నాటింది వేసవి దాటి బతకాలి.

నర్సరీలో ఏమి అడగాలి?

తెలుగు పేరు ఒక్కటే చెబితే పొరపాటు జరగవచ్చు. సరస్వతి ఆకును కొందరు బ్రహ్మి అంటారు. నిజానికి సరస్వతి ఆకు సెంటెల్లా ఏషియాటికా, నీటి బ్రహ్మి బకోపా మొన్నియెరి. రెండూ వేరు. తిప్పతీగ విషయంలోనూ ఇంతే. అసలైనది టైనోస్పోరా కార్డిఫోలియా. దాన్ని పోలిన టైనోస్పోరా క్రిస్పాతో పొరబడవద్దని 2022లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ హెచ్చరించింది. అసలు తీగ కాడ పచ్చగా, బుడిపెలు లేకుండా ఉంటుంది. రెండోదాని కాడ బూడిద రంగులో, నిండా బుడిపెలతో ఉంటుంది. కాబట్టి శాస్త్రీయ నామం కాగితం మీద రాసుకొని వెళ్లండి. కొనే ముందు మీ జీవశాస్త్రం ఉపాధ్యాయులకు చూపండి. కొండల్లో వేళ్లతో సహా పెరికి తేవద్దు. అందరూ అలాగే చేస్తే అక్కడ విత్తనానికి కూడా మొక్క మిగలదు.

ఏవి నాటాలి?

మనది వాన తక్కువ సీమ. హాస్టల్ వేసవిలో మూతపడుతుంది. ఆగస్టులో ఫొటో దిగి నాటిన మొక్క మే నెలలో ఎండిపోతే ఏం లాభం? అందుకే ఇలా ఎంచుకోండి.

1. కలబంద, నల్లేరు: ఆకులో, కాడలో నీరు దాచుకుంటాయి. ఎండకు ఓర్చుకుంటాయి.
2. వావిలి: కొమ్మ నాటినా వస్తుంది. పశువులు సాధారణంగా ముట్టవు గనుక కంచెగా పనికొస్తుంది.
3. తిప్పతీగ: వేపచెట్టు మొదట్లో కాడ ముక్క నాటితే పైకి పాకుతుంది.
4. అశ్వగంధ (పెన్నేరు): జులై, ఆగస్టులలో విత్తితే సుమారు ఆరు నెలలకు వేరు తయారవుతుంది. మన విద్యా సంవత్సరంలోనే పంట చేతికి వస్తుంది.
5. తులసి, నేలవేము: సెలవులకు ముందే విత్తనాలు సేకరించి, ఎండబెట్టి, కాగితం పొట్లంలో పేరు రాసి దాచండి.
6. సరస్వతి ఆకు: తేమ కావాలి. కుళాయి పక్కన మాత్రమే వేయండి.

ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి గుంత నింపండి. కలబందకు ఇసుక కాస్త ఎక్కువ వేయండి. వంటగదిలో బియ్యం కడిగిన నీళ్లు రోజూ బోలెడు పారబోస్తాం. వాటిని మొక్కలకు మళ్లించండి. సబ్బు నీళ్లు పోయవద్దు.

తెలియక తింటే విషం

మన బడుల్లో పూల కోసం పెంచే బిళ్ల గన్నేరునే చూడండి. మధుమేహానికి పనిచేస్తుందని నాటువైద్యంలో పేరుండటంతో కెనడా శాస్త్రవేత్తలు రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ 1950లలో దానిని పరీక్షించారు. చక్కెర తగ్గలేదు గానీ తెల్ల రక్తకణాలు తగ్గాయి. అలా విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది. కానీ అదే ఆకును పచ్చిగా నమిలితే విషం. మొక్కలో గుణం ఉండటం వేరు, దాన్ని శుద్ధిచేసి కొలత ప్రకారం ఇవ్వడం వేరు.

అందుచేత జ్వరం, పచ్చకామెర్లు వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే వెళ్లండి. పాము కరిస్తే ఆకు పసరు కోసం వెతకవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రతి మొక్క దగ్గరా చిన్న రేకు మీద తెలుగు పేరు, శాస్త్రీయ నామం, నాటిన తేదీ, చూసుకునే విద్యార్థి తరగతి రాసి పెట్టండి. ఊళ్లో ఉన్న పూర్వ విద్యార్థులకు ఒక మనవి. సెలవుల రెండు నెలలూ వారానికి రెండుసార్లు వచ్చి నాలుగు బిందెల నీళ్లు పోయండి. జూన్‌లో తిరిగి వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పచ్చని తోట ఎదురొస్తుంది. అప్పుడు పెరటి చెట్టు మందుకే కాదు, చదువుకూ పనికొస్తుంది.