కొండ సైకిలుకు స్టాండు కావాలా?

పోయిన డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే శ్రీనివాస మంగాపురం దాటి శ్రీవారి మెట్టు దాకా సైకిల్ మీద వెళ్లాను. మెట్లు మొదలయ్యే చోటికి కొంచెం ముందే, రోడ్డు పక్కన గడ్డిలో సైకిలును ఎడమవైపుకు పడుకోబెట్టి, నీళ్లు పట్టుకోవడానికి వెళ్లాను. నా సైకిలుకు స్టాండు లేదు. అంతకు నెల ముందే నేనే విప్పేశాను. నిజమైన మౌంటెన్ బైకుకు స్టాండు ఉండకూడదని నెట్‌లో చదివి, వీడియోలు చూసి, తెలివైన పని చేశాననుకున్నాను.

తిరిగొచ్చేసరికి సైకిలు ఒక వేపచెట్టు పక్కన కుడివైపుకు పడి ఉంది. పూలమ్మే ఒక అవ్వ కంగారుగా అటూ ఇటూ చూస్తోంది.

"సైకిలు పడిపోయుండె సామీ. ఎవురికి దెబ్బ తగిలిందో అని చూస్తా ఉండా. లేపి చెట్టుకు ఆనించినా, మళ్లా పడిపోయ."

అవ్వ చేసింది మంచి పనే. కానీ కుడివైపు పడడంతో గేర్లు మార్చే పరికరం నేలకు కొట్టుకుని, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగరు వంగిపోయింది. ఒక్కో మోడల్‌కు ఒక్కో హ్యాంగరు కాబట్టి కొత్తది దొరకడానికి వారం పట్టింది. ఆ వారమంతా కాలేజీకి బస్సులో వెళ్తూ ఒకటే ఆలోచించాను. ఇంతకీ స్టాండు ఉండాలా, వద్దా? ఆ ఆలోచనే ఈ వ్యాసం.

మొదట తీసేసిందెవరు?

మౌంటెన్ బైకు అనేది ఏదో ఒక కంపెనీ ల్యాబులో పుట్టలేదు. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్లను కొండ మీదికి తీసుకెళ్లి కిందికి తోలేవారు. అవి ఎక్కువగా 1930, 40లలో వచ్చిన లావు టైర్ల ష్విన్ సైకిళ్లు. బరువు తగ్గాలని మడ్‌గార్డులు, చైను కవర్లు, స్టాండులు అన్నీ పీకేసేవారు. 1976 అక్టోబరు 21న అక్కడే 'రీప్యాక్' అనే పందెం మొదలైంది. సుమారు మూడు కిలోమీటర్ల పైచిలుకు మట్టిదారిలో దాదాపు 400 మీటర్ల కిందికి దిగాలి. దిగేసరికి వెనక చక్రం హబ్బులోని బ్రేకు వేడెక్కి లోపలి గ్రీజు మాడిపోయేది, మళ్లీ నింపుకోవాల్సి వచ్చేది. రీప్యాక్ అనే పేరు అలా వచ్చింది.

పోల్చి చూడండి. తిరుపతి, తిరుమలల మధ్య ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. అలిపిరి నడకదారి సుమారు 9 కిలోమీటర్లు. అంటే సగటున నూటికి ఎనిమిది వంతుల వాలు. రీప్యాక్ దారిలో అది నూటికి పన్నెండు దాకా ఉంటుంది. మన మెట్లదారి కంటే నిటారైన మట్టిదారిలో, రాళ్ల మీద ఎగురుకుంటూ దిగేవాడికి స్టాండు దేనికి? పైన లారీలో దింపుకుంటాడు, కిందిదాకా ఆగడు. ఆగినా సైకిలును నేల మీద పడేస్తాడు.

ఆ తర్వాత జో బ్రీజ్ లాంటివాళ్లు కొండ కోసమే ఫ్రేములు కట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మింది. స్టాండు లేకపోవడం ఆ వంశంలో అలా వస్తూనే ఉంది.

వద్దనడానికి అసలు కారణాలు

బరువు అని అందరూ చెబుతారు. నా స్టాండును తూచితే 410 గ్రాములు వచ్చింది. అర లీటరు నీళ్ల కంటే తక్కువ. పందేలు ఆడేవాళ్లకు అది లెక్కేమో గానీ, నాలాంటివాడికి కాదు. గట్టి కారణాలు వేరే ఉన్నాయి.

ఒకటి, గతుకుల్లో స్టాండు దానంతటదే కిందికి జారడం. దాన్ని పైకి పట్టి ఉంచేది ఒక చిన్న స్ప్రింగే. మోటారు బండి మీద స్టాండు వేసుకునే పోతూ ఉంటే మన ఊళ్లో ఏమవుతుందో మీకు తెలుసు. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా "అన్నా, స్టాండూ... స్టాండు!" అని కేకలు వేస్తారు. ఎడమవైపు మలుపులో బండి వాలినప్పుడు స్టాండు కాలు నేలకు తగిలితే వెనక చక్రం లేచిపోయి మనిషి పడిపోతాడు. అందుకే ఇప్పుడు చాలా కొత్త బళ్లలో స్టాండు వేసి ఉంటే ఇంజను ఆగిపోయేలా సెన్సరు పెడుతున్నారు. సైకిలుకు సెన్సరు లేదు, కొండదారిలో కేక వేసే మనిషీ లేడు.

రెండు, కంపలు, వేర్లు, రాళ్లు. మన శేషాచలం అంచుల్లో ముళ్లకంపలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. బయటికి పొడుచుకొచ్చే ప్రతి ఇనుప ముక్కా తగులుకుంటుంది.

మూడు, ఫ్రేము. పెడళ్ల దగ్గర నుంచి వెనక చక్రం దాకా రెండు సన్న గొట్టాలు వస్తాయి, వాటిని చైన్‌స్టే అంటారు. స్టాండును బిగించేది ఎక్కువగా వాటికే. పాత ఉక్కు గొట్టం ఆ బిగింపును ఓర్చుకుంటుంది. పలుచటి అల్యూమినియం గొట్టం నొక్కుకుపోతుంది, కార్బన్ గొట్టమైతే పగలవచ్చు కూడా. వెనక కూడా షాకబ్జార్బరు ఉన్న సైకిళ్లలో ఆ భాగం పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది కాబట్టి స్టాండుకు స్థిరమైన చోటే దొరకదు.

స్టాండు నిలబెట్టే లెక్క

నెట్‌లో స్టాండు వద్దనేవాళ్లు చెప్పని ఇంకో సంగతి ఉంది. సైడు స్టాండు మనం అనుకున్నంత గట్టిగా సైకిలును నిలబెట్టదు. లెక్క వేసి చూశాను. ఇంటర్ ఫిజిక్సు చాలు.

స్టాండు వేసిన సైకిలు నేలను మూడు చోట్ల తాకుతుంది. ముందు చక్రం, వెనక చక్రం, స్టాండు కాలు. ఈ మూడింటినీ కలిపితే ఒక త్రిభుజం. సైకిలు గురుత్వ కేంద్రం నుంచి నిట్టనిలువుగా కిందికి గీసిన గీత ఈ త్రిభుజం లోపల పడితే నిలుస్తుంది, బయట పడితే పడిపోతుంది.

నా సైకిలుకు సుమారైన కొలతలు తీసుకున్నాను. చక్రాలు నేలను తాకే చోట్ల మధ్య దూరం 110 సెంటీమీటర్లు. గురుత్వ కేంద్రం 55 సెంటీమీటర్ల ఎత్తులో, రెండు చక్రాలకూ సరిగ్గా మధ్యలో ఉందనుకుందాం. స్టాండు వెనక చక్రం దగ్గర బిగించారు. దాని కాలు వెనక చక్రానికి 15 సెంటీమీటర్లు ముందు, 20 సెంటీమీటర్లు ఎడమకు ఆనుతుంది. సైకిలు ఎడమకు 10 డిగ్రీలు వాలి నిలుస్తుంది.

అప్పుడు గురుత్వ కేంద్రం చక్రాల గీత నుంచి దాదాపు 9.5 సెంటీమీటర్లు ఎడమకు జరుగుతుంది. అదే చోట త్రిభుజం వెడల్పు 11.6 సెంటీమీటర్లు. అంటే మిగిలింది రెండే సెంటీమీటర్లు! నేల ఎడమకు 3 డిగ్రీలు వాలి ఉంటే చాలు, గురుత్వ కేంద్రం 12.4 సెంటీమీటర్లకు జరిగి త్రిభుజం దాటేస్తుంది. హ్యాండిల్‌కు సంచి తగిలిస్తే బరువు ముందుకు పోతుంది, ముందుకు పోయేకొద్దీ త్రిభుజం సన్నబడుతుంది, కాబట్టి ఇంకా తొందరగా పడుతుంది. అదే స్టాండును పెడళ్లకు దగ్గరగా, వెనక చక్రానికి 40 సెంటీమీటర్లు ముందు పెడితే వెడల్పు 15.7 అవుతుంది. మిగులు రెండు నుంచి ఆరు సెంటీమీటర్లకు పెరుగుతుంది.

స్టాండు పొడవు కూడా ముఖ్యం. పొడవు ఎక్కువైతే సైకిలు మరీ నిటారుగా ఉంటుంది, చిన్న గాలికో, ఎవరి మోచెయ్యో తగిలో కుడివైపుకు పడుతుంది. గేర్లున్నది ఆ వైపే. నాకు షాపులో ఉచితంగా వేసి ఇచ్చిన స్టాండు అలాంటిదే. దానివల్ల కాలేజీ షెడ్డులో సైకిలు రెండుసార్లు కుడికి పడింది. నేను స్టాండు మీద కోపం పెంచుకోవడానికి సగం కారణం అది. తప్పు స్టాండుది కాదు, దాని పొడవుది.

ఇంకొకటి, వాలు రోడ్డు మీద ముందు చక్రం ఎప్పుడూ ఎగువకు చూడాలి. సైడు స్టాండు వెనక్కి మడుచుకుంటుంది కదా. సైకిలు దిగువకు చూస్తూ ముందుకు జారితే స్టాండు మడుచుకుపోతుంది. ఎగువకు చూస్తూ వెనక్కి జారబోతే కాలు ఇంకా బిగుసుకుంటుంది. మోటారు బండినైతే గేరులో పెట్టి ఆపవచ్చు. సైకిలుకు ముందు బ్రేకు లివరును నొక్కి ఒక రబ్బరు బ్యాండు చుట్టండి. రెండు రూపాయల హ్యాండ్ బ్రేకు!

తాత సైకిలు

మా తాత చంద్రగిరి దగ్గర పల్లె నుంచి తిరుపతికి పాలు తెచ్చేవాడు. నల్ల సైకిలు, క్యారియరుకు అటొకటి ఇటొకటి ఇరవై లీటర్ల క్యాన్లు. ఆ సైకిలు ఇంకా మా ఇంట్లో ఉంది. దాని స్టాండు ఇప్పటి సైడు స్టాండు లాంటిది కాదు. వెనక చక్రం ఇరుసుకు తగిలించిన వెడల్పాటి ఇనుప చట్రం, కాలితో తొక్కి వెనక్కి లాగితే చక్రం నేల నుంచి పైకి లేస్తుంది.

పై లెక్కతో చూస్తే ఆ స్టాండు ఎంత సరైనదో అర్థమైంది. బరువంతా వెనక ఉంటుంది, త్రిభుజం వెడల్పాటి వైపూ వెనకే ఉంటుంది. సైకిలు ఒక పక్కకు వాలదు, కాబట్టి క్యాన్లు సమంగా ఉంటాయి. ఒక క్యాను దించి, రెండోది అలాగే వదిలేసి పాలు కొలవవచ్చు. తాతకు సైకిలు తొక్కే సమయమెంతో, నిలబెట్టి పనిచేసే సమయమూ అంతే. అలాంటప్పుడు స్టాండు లేని సైకిలు అంటే కాళ్లు లేని బల్ల.

"నేల మింద పడుకోబెడతారా? బండిని?" అని తాత నన్ను నిజంగానే ఆశ్చర్యంగా అడిగాడు. ఆయుధపూజ నాడు ఆ సైకిలుకు కూడా పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టే ఇల్లు మాది. ఆయనకు పడుకున్న సైకిలంటే పడిపోయిన సైకిలే.

శ్రీవారి మెట్టు దగ్గర అవ్వ కూడా అదే అనుకుంది. అది నాకు ఆలస్యంగా వెలిగింది. సైకిలును గేర్లు లేని ఎడమవైపుకు పడుకోబెట్టడం టెక్నికల్‌గా కరెక్టే. కొండదారిలో తొక్కేవాళ్లందరూ అలాగే చేస్తారు. కానీ ఆ సంగతి తొక్కేవాళ్లకే తెలుసు. మిగతావాళ్లకు రోడ్డు పక్కన పడి ఉన్న సైకిలు అంటే పక్కనే ఎక్కడో ఒక మనిషి పడి ఉన్నాడని అర్థం. ఆ అవ్వ తన పూలబుట్ట వదిలేసి, ముందు వెతికింది నాకోసం. హ్యాంగరు వంగినందుకు బాధపడ్డాను గానీ, ఒక పెద్దావిడను ఊరికే భయపెట్టానని అప్పుడు తట్టలేదు.

మా క్లాసులో ఏ ప్రోగ్రామైనా రాసేముందు దాన్ని వాడేవాళ్లెవరో రాసుకోమంటారు. సైకిలు విషయంలో నేను రాసుకున్న జాబితాలో నేనొక్కడినే ఉన్నాను. దారిన పోయేవాళ్లను మరిచిపోయాను.

అయితే ఏం చెయ్యాలి?

సైకిలు పేరు చూసి నిర్ణయించకండి. అది ఎక్కడ ఆగుతుందో చూడండి.

కాలేజీకి, ట్యూషన్‌కు, రైతుబజారుకు వెళ్లే 'మౌంటెన్ బైకు'కు స్టాండు తప్పక కావాలి. నిజం చెప్పాలంటే మన ఊళ్లో ఆ పేరుతో తిరిగే సైకిళ్లలో ఎక్కువ భాగం కొండ ఎక్కనివే. వాటికి స్టాండు వద్దనడం మారిన్ కౌంటీ జవాబును తిరుపతి ప్రశ్నకు రాయడమే.

వేసుకునేటప్పుడు ఫ్రేముకు స్టాండు కోసం పలక గానీ బోల్టు రంధ్రాలు గానీ ఉన్నాయేమో చూడండి. అవి లేని పలుచటి గొట్టానికి బిగించవద్దు. సైకిలు పది డిగ్రీల దాకా వాలేట్టు పొడవు సరిచేయించండి. స్టాండు వేసి ఉండగా సీటు మీద కూర్చోకండి.

రాళ్ల దారిలో, కంపల్లో తొక్కేట్టయితే విప్పేయండి. రిజర్వు అడవిలోకైతే అటవీ శాఖ అనుమతి లేకుండా సైకిలుతో పోనేకూడదు, అది వేరే సంగతి. స్టాండు లేనప్పుడు సైకిలును చెట్టుకో గోడకో ఆనించండి. హ్యాండిల్ ఒక్కటే ఆనిస్తే ముందు చక్రం తిరిగి జారిపోతుంది. సీటు, వెనక టైరు రెండూ ఆనాలి. అరుగు ఉంటే ఎడమ పెడలును వెనక్కి తిప్పి దాని అంచు మీద ఆనిస్తే సైకిలు చక్కగా నిలుస్తుంది. పడుకోబెట్టక తప్పకపోతే గేర్లు పైకి ఉండేలా, దారికి దూరంగా, మీరు కనిపించేంత దగ్గరలో ఉండండి.

నా సైకిలు ఫ్రేముకు వెనక రెండు బోల్టు రంధ్రాలున్నాయి. పాత స్టాండునే హ్యాక్సా బ్లేడుతో రెండు సెంటీమీటర్లు కోయించి మళ్లీ వేశాను. వారంలో ఆరు రోజులు ఉంటుంది. ఆదివారం మట్టిదారికి వెళ్లే రోజు ఒక అలెన్ కీతో విప్పితే రెండు నిమిషాల పని.

సంక్రాంతి తర్వాత మళ్లీ శ్రీవారి మెట్టుకు వెళ్లాను. అవ్వ అక్కడే ఉంది, నన్ను గుర్తుపట్టింది. ఆ రోజు స్టాండు విప్పే ఉంది కాబట్టి సైకిలును ఆమె కూర్చున్న అరుగుకు పెడలు ఆనించి నిలబెట్టాను. "ఇప్పుడు బాగుండాది" అని, నేను నీళ్లు తెచ్చుకునేదాకా దాన్ని చూస్తూ కూర్చుంది.