ఆరాధనలో మా తమ్ముడికి చోటు లేదా?

ప్రశ్న: అయ్యగారూ, మా తమ్ముడికి పాతికేళ్లు. బుద్ధిమాంద్యం ఉంది. పాటలు మొదలవగానే చెవులు మూసుకుని గట్టిగా అరుస్తాడు. వాక్యం వినపడటం లేదని కొందరు విసుక్కుంటున్నారు. వాణ్ణి వరండాలో కూర్చోబెట్టమని పెద్దలు అన్నారు. మీకు విశ్వాసం చాలకే వాడు బాగుపడలేదని ఒకావిడ అనేసింది. అప్పట్నుంచి అమ్మ చర్చికి రావడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, పాలకొల్లు

జవాబు: అమ్మా, ఆవిడ అన్న మాట వాక్యానుసారం కాదని ముందు మీ అమ్మగారికి చెప్పండి. తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు. ఆయనకు విశ్వాసం చాలలేదని ఎవరనగలరు?

రెండో సమూయేలు తొమ్మిదో అధ్యాయం ఇంట్లో అందరూ కలిసి చదువుకోండి. సౌలు రాజు మనవడైన మెఫీబోషెతుకు ఐదేళ్లప్పుడు, దాది ఎత్తుకుని పారిపోతుంటే కిందపడి రెండు కాళ్లూ చెడ్డాయి. తర్వాత దావీదు అతణ్ణి రప్పించి, కన్నకొడుకుల సరసన తన బల్ల దగ్గర భోజనానికి కూర్చోబెట్టాడు. అధ్యాయం ముగిసేసరికి కూడా అతను కుంటివాడే. కాళ్లు బాగుపడలేదు, చోటు మాత్రం దొరికింది. స్వస్థత మీద మన సంఘాల్లో ఎన్నో ప్రసంగాలు వింటాం. ఈ చోటు గురించి ఎవరూ మాట్లాడరు, నాకు బాధగా ఉంటుంది.

ఇక అరుపులు. చెవులు మూసుకుంటున్నాడంటే ఆ మోత భరించలేకపోతున్నాడేమో. సౌండ్ బాక్సుకు దూరంగా, తలుపు దగ్గర కూర్చోబెట్టి చూడండి. వాల్యూమ్ తగ్గించమని డ్రమ్స్ వాయించే పిల్లలకు పాస్టరుగారే చెప్పాలి. ఆ భారం మీది కాదు. తమ్ముడు మరీ అలజడి పడితే కాసేపు బయటికి తీసుకెళ్లి, నెమ్మదించాక మళ్లీ లోపలికి తీసుకురావచ్చు. ఆ పని యౌవనస్థులు వంతులవారీగా చేయాలి.

పెద్దల దగ్గర జాలి అడగకండి. మొదటి కొరింథీ పత్రిక 12వ అధ్యాయం వాళ్ల ముందు పెట్టండి. బలహీనంగా కనిపించే అవయవాలు లేకపోతే శరీరానికే గడవదని పౌలు రాసింది అక్కడే. కలిగినవాళ్లు ముందే తినేసి, లేనివాళ్లను ఆకలితో వదిలేసినందుకు ఆ సంఘాన్నే అంతకు ముందు అధ్యాయంలో గద్దించాడు.

తమ్ముడికి ఒక పని కూడా అడగండి. ఆరాధనకు ముందు చాపలు పరవడం, పాటల పుస్తకాలు పంచడం, ఏది చేతనైతే అది. పని ఉన్న మనిషి ఒక ఆదివారం రాకపోతే, అబ్బాయి ఏడీ అని నలుగురూ అడుగుతారు.

ఈ వారమే పాస్టరుగారిని కలవండి. మీ అమ్మగారు ఎందుకు మానేశారో ఆయనకు తెలియాలి. స్త్రీల కూడికలోంచి ఇద్దర్ని వెంటబెట్టుకుని మీ ఇంటికి రమ్మని అడగండి.