తొలి ఏకాదశి: పేలాలు, దీపం, చెమట

ఓం నమో నారాయణాయ 🙏



తొలి ఏకాదశి దగ్గర పడింది. స్వామి యోగనిద్రలోకి వెళ్లే రోజు. ఇంటి దగ్గరైతే అమ్మ జొన్న పేలాలు వేయించి, బెల్లం కలిపి దంచి, పిండి మన చేతిలో పెట్టేది. ఆ గింజ ఎందుకు పేలుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఎండినట్టు కనిపించే గింజలోనూ కాస్త తేమ ఉంటుంది. వేడి తగిలితే ఆ తేమ ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే మామూలుగా 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. గట్టి పొట్టు లోపల అంత చోటు ఎక్కడిది? అందుకే పొట్టు పగిలి పువ్వులా విచ్చుకుంటుంది.

దీపం చూడండి. ప్రమిదలో పేరిన నెయ్యి ఘనం. సెగకు కరిగి ద్రవమై వత్తి పైకి ఎక్కుతుంది, అక్కడ ఆవిరవుతుంది. మనం దండం పెట్టుకునే వెలుగు ఆ ఆవిరి మండగా వచ్చిందే. (కర్పూరం దారి వేరు. మూత సరిగా పెట్టకపోతే కరగకుండానే ఆవిరై తరిగిపోతుంది.)

ఇప్పుడు అసలు సంగతి. లీటరు నీళ్లను 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 80 కిలో కేలరీల వేడి చాలు. అవే నీళ్లు పూర్తిగా ఆవిరి కావాలంటే ఇంకో 540 కావాలి. మన ఒంటి మీద చెమట ఆరేటప్పుడు కూడా అంతకు తక్కువ కాని వేడిని ఒంట్లోంచే తీసుకుపోతుంది. ఊళ్లో మట్టికుండ నీళ్లు చల్లబడేదీ ఇలాగే. అయితే ఆరిన చెమటే చల్లారుస్తుంది, కారిపోయిన చెమట కాదు. సముద్రం పక్కన ఉక్కపోత రోజుల్లో చెమట ధారగా కారుతున్నా ఒళ్లు చల్లబడదు. ఆ రోజులే ఎక్కువ ప్రమాదం.

అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నా: ఏకాదశి అని మంచినీళ్లు కూడా ముట్టకుండా సైట్‌కి వెళ్లకండి. తాగే నీరు లేకపోతే చెమట ఎక్కడి నుంచి వస్తుంది? ఉపవాసం అంటే దేవుడికి దగ్గరగా ఉండటం. అన్నం మానండి, పండ్లు తినండి, మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగండి. పూర్తి ఉపవాసం ఉండాలనుకుంటే సెలవు రోజు వచ్చే ఏకాదశికి ఉండండి, ఏడాదికి 24 దాకా వస్తాయి కదా!

సౌదీలో, ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం ఎండలో పని ఆపాలని రూల్ ఉంది. ఆ టైమ్‌లో నీడలోనే ఉండండి. పక్కవాడు తికమకగా మాట్లాడినా, తూలినా వెంటనే నీడకు తీసుకెళ్లి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోసి విసరండి, అంబులెన్స్‌ను పిలవండి. తెలివి సరిగా లేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయకండి.

రూములో చదవడం రాని పెద్దవాళ్లు ఉంటే ఇది చదివి వినిపించండి.

గోవిందా గోవింద 🙏