మూలపడిన స్ప్రేయరు బాటరీ – తిరిగి పనిలో పెట్టు విధము



దాళ్వా కోతలు కాగానే కాలువలు కట్టివేయుదురు. కాలువలతోపాటు మనము మందుకొట్టు యంత్రమును కూడ చావడి మూలకు నెట్టివేయుదుము. మరల సెప్టెంబరు, అక్టోబరు నెలలలో, సార్వా పైరు దుబ్బుల మొదళ్లలో దోమ కనిపించిన నాడు అది జ్ఞప్తికి వచ్చును. అప్పుడు మీట నొక్కినచో పంపు రెండు నిమిషములు మూలిగి ఆగిపోవును.

పూర్తిగా చచ్చిన బాటరీకన్న సగము చచ్చిన బాటరీయే ఎక్కువ కీడు చేయును. పంపు తిరుగుచునే యుండును. తుంపరలు పడుచునే యుండును. కాని ఒత్తిడి చాలక మందు ఆకులపై నిలిచిపోవును, దోమ యుండు మొదళ్లకు చేరదు. మందు కొట్టితిమని మనము నిశ్చింతగా నుండగా చేను సుడులు సుడులుగా ఎండును. కావున బాటరీ సంగతి జూన్ నెలలోనే చూచుకొనవలెను.

బాటరీ ఏల చెడును?

మన స్ప్రేయర్లలో సాధారణముగా 12 వోల్టులు, 8 ఆంపియర్ గంటల మూతవేసిన సీసము–ఆమ్లము బాటరీ యుండును. దీనిలో ఆరు అరలు గలవు. ఒక్కొక్క అర సుమారు 2.1 వోల్టుల నిచ్చును. 1859లో ఫ్రాన్సు దేశములో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సూత్రమే నేటికిని దీనికి ఆధారము. ఆమ్లము గాజుపీచు చాపలలో ఇమిడి యుండుటచే ఒలకదు.

కరెంటు ఖర్చయినకొలది పలకలపై సీసపు సల్ఫేటు ఏర్పడును. వెంటనే చార్జి చేసిన అది కరిగిపోవును. నెలల తరబడి వదలినచో గట్టి పలుకులుగా పేరుకొని కరెంటును రానీయదు. వాడకపోయినను బాటరీ తనంతట తాను నెలకు నూటికి మూడు వంతుల చొప్పున తరిగిపోవును. వేడి పది డిగ్రీలు హెచ్చినచో ఈ తరుగు ఇంచుమించు రెట్టింపగును. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంటవిరామము ప్రకటించిరి. భూమికి విరామము మేలే చేయవచ్చును గాని, బాటరీకి విరామము పనికిరాదు.

మొదట పరీక్షింపుడు

బాటరీని బయటకు తీసి చూడుడు. పెట్టె ఉబ్బినను, పగిలినను, తడి కారుచున్నను దానిపై శ్రమపడవద్దు. బాగున్నచో మల్టీమీటరుతో వోల్టులు కొలువుడు.

12.7 లేక అంతకు మించి యున్న – నిండుగా నున్నది.
12.2 – సుమారు సగము.
11.8 కంటె తక్కువ – ఖాళీ. ఆ పూటనే చార్జికి పెట్టవలెను.
10.5 కంటె తక్కువ – మిగుల నిర్లక్ష్యము జరిగినది; అయినను ఒకమారు ప్రయత్నింపవచ్చును.

తిరిగి బ్రతికించు విధము

1. చార్జరు తగిలించిన వెంటనే పచ్చదీపము వెలిగినచో నమ్మవద్దు. గట్టిపడిన బాటరీ కరెంటును తీసికొనదు. తీసికొనలేదు గనుక నిండినదని చార్జరు భ్రమపడును.

2. ఎలక్ట్రానిక్సు మరమ్మతు దుకాణములో వోల్టులను, ఆంపియర్లను విడివిడిగా సరిచేయగల పవర్ సప్లయి యుండును. దానిని 14.4 వోల్టులకు, 0.8 ఆంపియరుకు మించకుండ అమర్చవలెను. మొదటి గంటలలో బాటరీ ఏమియు తీసికొననట్లే యుండును. తొందరపడరాదు. సల్ఫేటు కరుగుచున్నకొలది కరెంటు మెల్లగా పెరిగి, బాటరీ నిండినకొలది మరల తగ్గును. 0.1 ఆంపియరుకంటె తగ్గినపుడు ఆపవలెను. ఇందుకు ఒకటి రెండు దినములు పట్టవచ్చును.

3. పవర్ సప్లయి దొరకనిచో, మంచి ట్రాక్టరు బాటరీ ధనధ్రువమునుండి 12 వోల్టుల 21 వాట్ల మోటారుబండి బల్బు ద్వారా చిన్న బాటరీ ధనధ్రువమునకు తీగ కలిపి, ఋణధ్రువములను ఒకదానితో నొకటి కలిపి గంటసేపు ఉంచుడు. బల్బు కరెంటును అదుపులో నుంచును. పిమ్మట మామూలు చార్జరు దానిని గుర్తించి పని ప్రారంభించును. ఎరుపు, నలుపు తారుమారు చేయరాదు.

4. చార్జి అగునపుడు చేతితో తాకి చూచుచుండుడు. గోరువెచ్చదనము సహజము, చేయి నిలువనంత వేడెక్కినచో వెంటనే ఆపవలెను. ఆ సమయమున ఉదజని వాయువు వెలువడవచ్చును. కావున గాలి వచ్చు చోట, పొయ్యికి, బీడీ చుట్టలకు దూరముగా నుంచవలెను. మూతలు బిగించిన పెట్టెలో పెట్టి చార్జి చేయరాదు.

5. ఒక దినము విడిగా నుంచి మరల కొలువుడు. 12.6కు పైన నిలిచినచో ఆశ యున్నది. ఎంత చార్జి చేసినను 10.5 దగ్గరనే ఆగినచో ఒక అర లోపల కలిసిపోయినదని అర్థము. దానికి వైద్యము లేదు.

6. చివరి పరీక్ష: అదే 21 వాట్ల బల్బును తగిలించి 10.5 వోల్టులకు దిగువరకు పట్టిన కాలము చూడుడు. దిగగానే బల్బు తీసివేయవలెను. 8 ఆంపియర్ గంటల మంచి బాటరీ మూడున్నర గంటలకు పైగా వెలిగించును. రెండు గంటలు వచ్చిన, మరల నిండుగా చార్జి చేసి రెండు మూడుమార్లు ఇట్లే చేసినచో కొంత మెరుగుపడవచ్చును. గంటకూడ నిలువనిది పొలమునకు పనికిరాదు.

మా యింటనే ఒక యంత్రము మీట తీయకుండ నాలుగు మాసములు దూలమునకు వ్రేలాడినది. కొలువగా 9.8 వోల్టులు. రెండు దినముల చార్జి తరువాత బల్బును రెండున్నర గంటలు వెలిగించినది. దానితో ఆ సార్వా గడచినది. కాని క్రొత్తదానివలె ఎన్నడును కాలేదు. పోయిన బలము పూర్తిగా రాదని గ్రహింపవలెను.

చేయరానివి

కొబ్బరిచెట్టు మొదట ఉప్పు వేయు అలవాటు మనకు గలదు గాని, బాటరీలో ఉప్పు వేయరాదు, ఆమ్లము పోయరాదు. వలలకు సీసపు గుళ్లు పోతపోయుటకై పాత బాటరీని పగులగొట్టరాదు. సీసపు పొగ, ధూళి పిల్లల మెదడునకు హాని చేయును. చెరువులోను, కాలువలోను పారవేయరాదు. 2022 నాటి బాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము పాత బాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులపై నున్నది. కావున క్రొత్తది కొనునపుడు పాతది అంగడికే ఇచ్చి, ధర తగ్గించునేమో అడుగుడు.

కాపాడుకొను పద్ధతి

మందు కొట్టి వచ్చిన సాయంత్రమే చార్జికి పెట్టుడు, రేపు చూతమనరాదు. పంపు నీరసించిన గుర్తు కనబడగానే ఆపుడు. పని లేని నెలలలో మీట ఆర్పి, తీగలు విప్పి, రేకుల షెడ్డులో గాక చల్లని పాకలోనో, ఇంటిలోనో నుంచుడు. వేసవిలో నెలకొకసారి, తక్కిన కాలములో రెండు నెలలకొకసారి నిండుగా చార్జి చేయుడు. సముద్రపు గాలి తగులు మన ప్రాంతములో తీగల కొసలకు చిలుము త్వరగా పట్టును. పొడిగుడ్డతో తుడిచి కొంచెము వాజిలైను రాయుడు. చార్జి చేసిన తేదీని ఒక చీటీపై వ్రాసి యంత్రమునకే అంటింపుడు.

నెలకు ఒక్క రాత్రి చార్జి, ఆ చీటీపై ఒక్క తేదీ. ఇంతమాత్రము చేసిన రైతునకు దోమ పడిన నాడు బాటరీకై అమలాపురమో, రాజోలో, కొత్తపేటయో పరుగెత్తు పని యుండదు.