రూటర్ మీరే తెరవండి

ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి వైఫై పాస్‌వర్డ్ చెప్పి వెళ్లిపోతాడు. సాయంత్రానికల్లా పిల్లలకు అది కంఠతా వచ్చేస్తుంది. ఏది నొక్కితే నెట్ పోతుందోనని పెద్దవాళ్లే ఆ రూటర్ పెట్టె జోలికి పోరు. అంత భయం అక్కర్లేదు. సెట్టింగ్స్ తెరిచి చూసినంత మాత్రాన ఏమీ చెడిపోదు.

పెట్టెను తిరగేస్తే అడుగున స్టిక్కర్ ఉంటుంది. ఫోన్‌ని ఇంటి వైఫైకే కలిపి, ఆ స్టిక్కర్ మీది అడ్రస్‌ను బ్రౌజర్‌లో పైన ఉండే అడ్రస్ బార్‌లో కొట్టండి. చాలావాటికి 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది, జియోఫైబర్‌కి 192.168.29.1. స్టిక్కర్ చెరిగిపోయి ఉంటే, ఫోన్ వైఫై వివరాల్లో 'గేట్‌వే' లేదా 'రూటర్' అని ఉన్నచోట కనిపించేది అదే.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు తికమకపడే విషయం ఒకటుంది. పాస్‌వర్డులు రెండు. ఒకటి నెట్ వాడుకోవడానికి, రెండోది రూటర్ సెట్టింగ్స్ మార్చడానికి. ఈ రెండోది చాలా ఇళ్లలో కంపెనీ పెట్టినట్టే ఉండిపోతుంది. పాత రూటర్లు చాలావాటిలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ 'అడ్మిన్' అనే ఉంటాయి. ఏడో తరగతి పిల్లాడికి అది తెలుసుకోవడం ఎంతసేపు! పిల్లల నెట్ వాడకానికి మీరు పెట్టిన కట్టడి వాడు తీసేసినా మీకు తెలియదు. అందుకే ముందు దాన్ని మార్చి, డైరీలో రాసుకోండి.

తర్వాత 'పేరెంటల్ కంట్రోల్'లో పిల్లల ఫోన్‌ను ఎంచుకుని, రాత్రి ఎన్నింటికి నెట్ ఆగాలో పెట్టొచ్చు. ముందు రూటర్ గడియారం భారత కాలమానంలో, అంటే +5:30లో ఉందో లేదో చూడండి. లేకపోతే పది గంటలకు ఆగాల్సిన నెట్ ఏ తెల్లవారుజామునో ఆగొచ్చు. రూటర్ ఒక్కో ఫోన్‌ను దాని మ్యాక్ అడ్రస్‌తో గుర్తుపడుతుంది. ఇప్పటి ఫోన్లు తమ అసలు అడ్రస్ చూపకుండా వేరేది చూపిస్తాయి. ఇంటి వైఫై వరకు పిల్లల ఫోన్‌లో ఈ మారు అడ్రస్ సదుపాయం ఆపితేనే కట్టడి నిలుస్తుంది. సైట్ల పేర్లను వాటి అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్‌ను మార్చుకోనిచ్చే రూటర్ అయితే, అందులో 1.1.1.3, 1.0.0.3 పెట్టండి. క్లౌడ్‌ఫ్లేర్ ఉచితంగా ఇచ్చే ఈ సేవ అశ్లీల సైట్లను చాలావరకు ఆపుతుంది.

వెనకున్న సన్నని రీసెట్ బొత్తాన్ని మాత్రం ఊరికే నొక్కి పట్టుకోకండి. కంపెనీ పెట్టిన కనెక్షన్ వివరాలు కూడా చెరిగిపోవచ్చు, మళ్లీ ఆ అబ్బాయే రావాలి.

ఫోన్‌లో సిమ్ డేటా ఉంటే ఇవేవీ పనిచేయవు. కాబట్టి పిల్లలకు తెలియకుండా ఏదీ పెట్టకండి. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఎన్నింటికి ఆపాలో వాళ్లనే అడిగి పెట్టండి. వీలైతే మీ ఫోన్‌ను కూడా ఆ కట్టడిలో చేర్చండి. పరీక్షల రోజుల్లో ఇంకో గంట కావాలని అడిగితే, కారణం విన్నాకే జవాబు చెప్పండి.