చలి రాత్రుల్లో పాలీహౌస్: ఎక్కడ వేడి పెట్టాలి, ఎక్కడ వద్దు

ఖానాపూర్ ప్రాంత పాలీహౌస్ లబ్ధిదారులకు

డిసెంబర్, జనవరి నెలల్లో మన ఉమ్మడి ఆదిలాబాద్ దిక్కు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడిపోతుంది. ఆ చలికి టమాట, క్యాప్సికం, కీర ఎదుగుదల ఆగుతుంది, పూత రాలుతుంది. అందుకే చాలామంది అడిగే ప్రశ్న: "లోపల హీటర్ పెట్టుకోవచ్చా సార్?"

ముందు లెక్క చూడండి

10 గుంటల (సుమారు 1,000 చదరపు మీటర్లు) పాలీహౌస్‌పై ఒకే పొర షీట్ ఉందనుకుందాం. లోపల బయటికన్నా 8 డిగ్రీలు ఎక్కువ ఉంచాలంటే దాదాపు 70 కిలోవాట్ల వేడి ఆగకుండా కావాలి. పది గంటల రాత్రికి అది 700 యూనిట్లు. మీ బిల్లులో యూనిట్ ధరతో గుణించి చూసుకోండి. ఒక్క నెలలోనే పంట లాభం పోతుంది. వ్యవసాయానికి ఇచ్చే ఉచిత కరెంటు పంపుసెట్ల కోసం. దాన్ని హీటర్ల లెక్కలో వేసుకోవద్దు. రాయితీ కూడా నెలనెలా వచ్చే బిల్లుకు కాదు.

కాబట్టి పాలీహౌస్ మొత్తం వేడి చేయకండి. నారును కాపాడుకోండి.

నారుకు చిన్న గూడు

10 గుంటలకు కావాల్సిన నారు ట్రేలన్నీ 20 చదరపు మీటర్ల జాగాలో సులువుగా పడతాయి. పాలీహౌస్ లోపలే ఆ జాగాపై కమ్మీలు వంచి, మోకాలెత్తున ఇంకో షీట్ కప్పండి. దీనికి ఒక కిలోవాట్‌లోపు వేడి చాలు.

ఆ వేడి నీళ్ల నుంచే తీసుకోవచ్చు. 200 లీటర్ల డ్రమ్ముకు నల్లరంగు వేసి, నీళ్లు నింపి, పగలు ఎండ తగిలేచోట ట్రేల పక్కన పెట్టండి. ఆ నీళ్లు రాత్రి 8 డిగ్రీలు చల్లబడేసరికి సుమారు 1.9 యూనిట్ల వేడి వదులుతాయి. నాలుగు డ్రమ్ములు పెడితే రాత్రికి ఏడు యూనిట్ల పైనే. బిల్లు లేదు, వైరింగ్ లేదు.

డిసెంబర్ చివర, జనవరి మొదట్లో విత్తితే చలి తగ్గేనాటికి నారు నాటుకు వస్తుంది. పూత సమయానికి రాత్రులు వెచ్చబడతాయి.

రోజూ చేయాల్సినవి

1. సాయంత్రం 4 గంటలకల్లా పక్క పరదాలు దించండి. చీకటి పడ్డాక దించితే అప్పటికే వేడి బయటికి పోయి ఉంటుంది.
2. చిరుగులు, తలుపు సందులు టేపుతో మూయండి. సందుల్లోంచి పోయే వేడి కంటికి కనపడదు.
3. నీళ్లు పొద్దున పూట పెట్టండి. తడి నేల ఎండ వేడిని ఎక్కువ దాచుకుంటుంది. సాయంత్రం ఆకులు తడిపితే తెగులు వస్తుంది.
4. పొద్దున 9 గంటలకు పరదాలు ఎత్తండి. లోపలి చెమ్మ పోవాలి.
5. ఒక థర్మామీటర్ మొక్క ఎత్తున కట్టండి. రాత్రి ఎంతకు పడిందో నోట్‌బుక్కులో రాసుకోండి.

కుంపటి అస్సలు వద్దు

మూసిన పాలీహౌస్‌లో బొగ్గుల కుంపటి, కట్టెల మంట పెట్టకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. కాపలాకు లోపల పడుకున్న మనిషి నిద్రలోనే ప్రాణం పోగొట్టుకోవచ్చు. పొగ మొక్కలకూ చెరుపే. ఇంట్లో పిల్లలకు, పనికి వచ్చే కూలీలకు ఈ మాట తప్పక చెప్పండి.

కొత్తగా దరఖాస్తు చేసేవారికి

రాయితీ శాతం, విస్తీర్ణ పరిమితి మారుతుంటాయి. పాత పీడీఎఫ్‌ చూసి నమ్మకండి, ఈ ఏడాది ఎంతో ఉద్యాన అధికారిని అడగండి. పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, అవసరమైతే కుల ధ్రువీకరణ పత్రం దగ్గర పెట్టుకోండి. మంజూరు పత్రం చేతికి రాకముందు పని మొదలుపెట్టొద్దు, ఎవరికీ అడ్వాన్సు ఇవ్వొద్దు. అప్పు తీసుకునే ముందు పైన చెప్పిన కరెంటు లెక్క ఒకసారి ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోండి.

సందేహాలుంటే మీ రైతువేదికలో ఏఈవోను కలవండి. ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి గ్రూపులో పంపండి.